బడి గదికీ సంఘ భవనానికీ నిధులు అడిగే ముందు

చి.ల.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మీ ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీకి నిన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారనీ, మహిళా సంఘం తరఫున గ్రంథాలయ భవనం కట్టించే బాధ్యత కూడా నీకే అప్పగించారనీ రాశావు. చాలా సంతోషం. ఈ రెండింటికీ డబ్బు ఎవరిని అడగాలన్నది నీ ప్రశ్న. మండల పరిషత్ కార్యాలయంలో ఉద్యోగం చేసినంత కాలం ఇలాంటి అర్జీలు నా బల్ల మీదుగానే వెళ్ళాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఎవరిని అడగాలన్నది తర్వాతి మాట. స్థలం ఎవరి పేరిట ఉంది, కట్టేది సరిగ్గా ఏమిటి, కట్టిన తర్వాత దాన్ని చూసుకునేది ఎవరు, ఈ మూడూ కాగితం మీద తేలిన అర్జీకి ఏదో ఒక పద్దులో డబ్బు దొరుకుతుంది. అవి తేలని అర్జీని ఎంత పెద్దవారు సిఫార్సు చేసినా అది ఫైలులోనే ఉండిపోతుంది.

అందువల్ల ముందు స్థలం సంగతి చూడు. బడి స్థలం ఫలానా వారి తాతగారు ఇచ్చారని ఊరంతా చెబుతుంది. ఊరంతా చెప్పినంత మాత్రాన అది దస్తావేజు కాదు. స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే రిజిస్టరైన దస్తావేజు, దాని మీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 123వ సెక్షను చెబుతుంది. పుచ్చుకునేవారు ఆ దానాన్ని దాత జీవించి ఉండగానే స్వీకరించాలని 122వ సెక్షను చెబుతుంది. ఒక ఊళ్ళో అదనపు తరగతి గది మంజూరై, ఇసుక లారీ దిగి, పునాదికి ముగ్గు పోసిన రోజున దాత మనవడు వచ్చి అడ్డం నిలబడ్డాడు. తాతగారు నోటి మాటగా ఇచ్చిన ఆ స్థలం అడంగల్‌లో, అంటే గ్రామ భూముల లెక్కలో, అప్పటికీ ఆయన పేరిటే ఉంది. మనవడిది దురాశ అని ఊరు తిట్టింది గానీ కాగితం అతని వైపే ఉంది. తగవు తేలేలోగా ఆర్థిక సంవత్సరం మారింది, ఆ గదికి కేటాయించిన సొమ్ము మరో ఊరి పనికి వెళ్ళిపోయింది. పిల్లలు ఆ ఏడాది కూడా వరండాలోనే చదువుకున్నారు.

నువ్వు ఈ వారమే గ్రామ సచివాలయానికి వెళ్ళి బడి ఉన్న సర్వే నంబరు, విస్తీర్ణం, అడంగల్, 1-బి (భూ యజమానుల పట్టిక) నకళ్ళు తీసుకో. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, తీయించు. సర్వేయరు చేత హద్దులు కొలిపించి, ఆ నక్షా మీద సంతకం పెట్టించుకో. పాత దానానికి దస్తావేజు లేకపోతే వారసులతో ఇప్పుడే మర్యాదగా మాట్లాడి, మండల పరిషత్ పేరిట దాన దస్తావేజు రాయించండి. దాతగారి పేరు బడి గోడ మీద ఉంటుందని చెబితే ఎక్కువ మంది సంతోషంగానే వస్తారు. పట్టుబట్టే వారసులు ఉంటే ఆ సంగతి కూడా నిధులు రాకముందే తెలియడం మంచిది. గ్రంథాలయానికి మీరు చూపిస్తున్న స్థలం డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమి అయినా, చెరువు, కుంట, వాగు పోరంబోకు అయినా, తహసీల్దారుగారి నుంచి రాతపూర్వకంగా జవాబు రానిదే ఒక్క అడుగు కూడా ముందుకు వేయకు.

భవనం ఎవరి ఆస్తి అన్నది కూడా తెలుసుకుని ఉండాలి. మండల పరిషత్ పాఠశాల భవనం మండల పరిషత్‌ది, ఉన్నత పాఠశాల భవనం జిల్లా పరిషత్‌ది. గ్రామ పంచాయతీ తన డబ్బు పెట్టి ఆ ఆవరణలో పని చేయించవచ్చు గానీ, ఆస్తి ఎవరిదో వారి అంగీకారం ఫైలులో ఉండాలి. సర్పంచ్‌గారు ఒప్పుకున్నారు కదా అని ఎంపీడీఓకూ (మండల పరిషత్ అభివృద్ధి అధికారికీ) ఎంఈఓకూ (మండల విద్యాధికారికీ) చెప్పకుండా మొదలుపెట్టిన పనులకు బిల్లుల దగ్గర చిక్కులు వస్తాయి.

ఇక ఏమి అడగాలన్న సంగతి. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని 21వ సెక్షను చెబుతుంది. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయవలసింది ఆ కమిటీయేననీ, ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ ఇచ్చే గ్రాంటులకు ఆ ప్రణాళికే ఆధారమనీ 22వ సెక్షను చెబుతుంది. ఈ సెక్షన్ల బలం చాలా కమిటీలకు తెలియదు. నీ చేతిలో ఉన్నది వినతిపత్రం రాసుకునే వీలు మాత్రమే కాదు, చట్టం గుర్తించిన ప్రణాళిక రాసే అధికారం. ఒక్కో ఉపాధ్యాయుడికి కనీసం ఒక తరగతి గది, ప్రధానోపాధ్యాయుడి గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె, నడవలేని పిల్లలు కూడా లోపలికి రాగల దారి, ఇవన్నీ ఆ చట్టం అనుబంధంలో ఉన్నాయి. ప్రధానోపాధ్యాయుడితో కలిసి బడి చుట్టూ తిరిగి, ఉన్నదేదో లేనిదేదో రాసుకోండి. బడుల వివరాలుండే ప్రభుత్వ లెక్క యూడైస్‌లో నమోదైన వివరాలు మీరు రాసుకున్న వాటితో కలవాలి. మరుగుదొడ్లు పనిచేస్తున్నాయని యూడైస్‌లో రాసి ఉండగా మీరు కొత్తవి కావాలని అడిగితే, పై అధికారి ముందు నమ్మేది యూడైస్‌నే.

సగంలో ఆగిన పని ఏదైనా ఉంటే దాన్నే మొదట అడుగు. ప్రభుత్వ బడుల్లో వసతులు బాగుచేసే నాడు-నేడు కార్యక్రమం 2019 నవంబరు 14న మొదలైంది. దాని రెండో విడతలో చాలా చోట్ల గదులు పూర్తి కాకుండా నిలిచిపోయాయి. లింటెల్ దాకా లేచిన గోడలకు పునాది ఖర్చు మళ్ళీ అక్కర్లేదు, స్థలం తగవు కూడా అప్పటికే తేలి ఉంటుంది. కాకపోతే ఎండకూ వానకూ నిలిచిన గోడలు, బయటకు కనబడుతున్న ఇనుము ఇంకా పనికొస్తాయో లేదో ఇంజినీరు చూసి రాసిన నివేదికను తప్పకుండా జత చెయ్యి.

పని ఏదో తేలాక ఎస్టిమేట్ కావాలి. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నారు, పైన పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఉన్నారు. ఆ ఏడాది ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల ప్రకారం వారి చేత వేయించు, మేస్త్రీ చెప్పిన అంకెతో వెళ్ళకు. మేస్త్రీ అంకెలో జీఎస్‌టీ ఉండదు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి చెల్లించవలసిన 1 శాతం సెస్సు ఉండదు, కరెంటు వైరింగు, ర్యాంపు, నీళ్ళ పైపు కూడా చాలాసార్లు ఉండవు. తక్కువ అంకెకు మంజూరు తెచ్చుకుని, స్లాబు దగ్గర డబ్బు అయిపోయి, తలుపులూ కిటికీలూ లేని గదులను నేను చాలా చూశాను. అడిగేది చిన్నదిగా ఉంటే త్వరగా ఇస్తారన్న మాట నిజమే. అయితే పని తగ్గించి చిన్నది చేయాలి గానీ అంకె తగ్గించి కాదు. మూడు గదులు అడగలేకపోతే ఒక్క గదే అడుగు, ఆ ఒక్కటీ తాళం చెవి అందుకునే దాకా అన్నీ కలిపిన అంచనాతో అడుగు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వస్తాను. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలూ ఉన్నాయి, గ్రంథాలయాలూ ఉన్నాయి. కాబట్టి గ్రామ పంచాయతీని అడగడం మొహమాట పడవలసిన విషయం కాదు. పంచాయతీకి వచ్చే డబ్బు అంతా ఒక రకం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టినది, 40 శాతం మాత్రమే స్థానిక అవసరాలను బట్టి వాడుకోదగినది. ఈ తేడా తెలియక బడి మరుగుదొడ్లనూ మంచినీటి ట్యాంకునూ వాన నీటి ఇంకుడు గుంతనూ ఆ 40 శాతంలో అడిగి, ప్రహరీకీ గదికీ ఏమీ మిగలకుండా చేసుకునేవారు ఉన్నారు. నీరు, పారిశుద్ధ్యం పనులను ముడిపెట్టిన వాటాలో అడిగి, మిగిలినవాటిని రెండో వాటా కోసం ఉంచుకో. 2026 ఏప్రిల్ 1 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి, కొత్త గ్రాంటులో ఏ వాటా దేనికో పంచాయతీ కార్యదర్శిని అడిగి రాసుకున్న తర్వాతే నీ జాబితాను విడగొట్టుకో.

ఆ పనులు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కాలి. రాబోయే ఆర్థిక సంవత్సరపు ప్రణాళిక కోసం ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామసభలు మొదలవుతాయి. ప్రణాళిక పంచాయతీల ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కిన తర్వాత జనవరిలో వచ్చి అడిగితే వచ్చే ఏడాది చూద్దామన్న జవాబే వస్తుంది, అది చెప్పే అధికారిది తప్పు కాదు. మండల పరిషత్, జిల్లా పరిషత్ సాధారణ నిధుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, స్త్రీ శిశు సంక్షేమానికి 15 శాతం కేటాయింపు ఉంది. మీ మహిళా సంఘం పనిని ఆ మూడో పద్దులో పరిశీలించమని ఎంపీటీసీ, జెడ్పీటీసీ సభ్యుల ద్వారా సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టించు. గ్రంథాలయం విషయంలో ఇంకో దారి ఉంది. 1960 గ్రంథాలయ చట్టం కింద ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలవుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. మీ పంచాయతీ ఆ సెస్సును జమ చేసిందా అని ముందు కనుక్కో. జమ చేసిన పంచాయతీ తరఫున సంస్థ దగ్గర శాఖా గ్రంథాలయం అడగడం ఎంతో తేలిక.

పార్లమెంటు సభ్యుల నిధి సంగతి నువ్వే అడిగావు. ఆ పథకం 1993 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు ఒక్కో సభ్యుడికి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. అందులో సభ్యుడు చేసేది సిఫార్సు మాత్రమే. అర్హత చూసి మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. కాబట్టి ఎంపీగారి లేఖ రాగానే పని అయిపోయిందని ఊళ్ళో చాటించకు. ఈ నిధితో శాశ్వతంగా నిలిచే, ప్రజలందరూ వాడుకునే ఆస్తులే కట్టాలి, ప్రార్థనా స్థలాలకూ వ్యాపార సంస్థలకూ పనికిరాదు. సంఘానికి ఇవ్వాలంటే అది రిజిస్టరై ఉండాలి, సామాజిక సేవలో కనీసం మూడేళ్ళుగా ఉండాలి, సిఫార్సు చేసే సభ్యుడో ఆయన కుటుంబ సభ్యులో అందులో పదవుల్లో ఉండకూడదు. మీ సంఘం పేరు పలకలు, ఫొటోలు ఉన్నాయన్నావు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు పత్రం, పాన్ కార్డు, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఏటేటా ఆడిట్ లెక్కలు, సర్వసభ్య సమావేశాల మినిట్స్ పుస్తకం ఉన్నాయా అన్నది నాకు కావలసింది. అవి లేకపోతే ఈ ఏడాది నిధులు అడగకుండా అవే సిద్ధం చేసుకోండి. అందాకా గ్రంథాలయ భవనాన్ని పంచాయతీ ఆస్తిగానే కట్టించి, నిర్వహణను సంఘానికి అప్పగించేలా ఒప్పందం రాసుకునే వీలుంది. నన్నడిగితే అదే మేలు. పాలకవర్గాలు మారినా, సంఘంలో కలతలు వచ్చినా భవనం ఊరిదిగానే ఉంటుంది.

మంజూరు అయ్యాక క్రమం తప్పకూడదు. పాలనా అనుమతి, తర్వాత సాంకేతిక అనుమతి, తర్వాత ఒప్పందం, ఆ తర్వాతే పని. శంకుస్థాపన ముహూర్తం కోసం ఈ వరుసను తారుమారు చేసిన పనుల బిల్లులు ఏళ్ళ తరబడి ఆగుతాయి. ఒకే పనిని రెండు పద్దుల్లో చూపడం నేరమే. రెండు పద్దుల డబ్బు కలపవలసి వస్తే పునాది నుంచి స్లాబు దాకా ఒకటి, తలుపులు, గచ్చు, రంగులు, కరెంటు మరొకటి అని ఎస్టిమేట్‌లోనే విడదీయించు. స్లాబుకు ఇనుము కట్టడం అయ్యాక, కాంక్రీటు పోయకముందు, ఏఈ వచ్చి చువ్వల మందం, వాటి మధ్య ఎడం కొలిచి ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాయాలి. పోసేశాక లోపలి ఇనుమును ఎవరూ కొలవలేరు. ఆ రోజు కమిటీ సభ్యుల్లో ఇద్దరు అక్కడ ఉండి, టేపు పట్టిన ఫొటోలు తేదీతో తీసుకోవాలి. ఏఈగారికి తీరిక లేదని మేస్త్రీ తొందరపెట్టినా పోయనివ్వకు. పని పూర్తయ్యాక సొమ్ము ఖర్చయిన తీరు చూపే వినియోగ పత్రం (యూసీ) వెంటనే ఇచ్చెయ్యండి. పాత యూసీ బాకీ ఉన్న బడికీ సంఘానికీ కొత్త మంజూరు అడిగే నోరు ఉండదు.

నిర్వహణ గురించి కాస్త కటువుగా చెబుతాను, నొచ్చుకోకు. మూలధన నిధి ఒకసారి వస్తుంది, ఊడ్చే మనిషి జీతం, కరెంటు బిల్లు, నీళ్ళ మోటారు మరమ్మతు ప్రతి నెలా వస్తాయి. సమగ్ర శిక్ష అనే విద్యా పథకం కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలే. దానితో సుద్దముక్కలూ కొనాలి, చిన్న మరమ్మతులూ చేయాలి. కనుక అర్జీతో పాటే ఒక పేజీ రాయండి: ఏడాదికి ఖర్చెంత, పంచాయతీ ఏది భరిస్తుంది, సంఘం ఏది భరిస్తుంది, గ్రంథాలయం తలుపు తీసేది ఎవరు, ఏ వేళల్లో. ఈ పేజీ ఎవరూ అడగరు. అయినా అది ఉన్న అర్జీని నేను ఎప్పుడూ పక్కన పెట్టలేదు, ఎందుకంటే భవనం తాళంపడి పాడవదన్న నమ్మకం దాని వల్లనే కలిగేది.

గ్రామసభలో తీర్మానం రాసేటప్పుడు "పాఠశాల అభివృద్ధికి నిధులు కోరడమైనది" అని ఒక్క ముక్కలో ముగించనివ్వకు. ఫలానా సర్వే నంబరులో, ఇన్ని చదరపు అడుగుల గది, ఫలానా తేదీ ఎస్టిమేట్ ప్రకారం ఇంత మొత్తం, ఫలానా పద్దు నుంచి, నిర్వహణ ఫలానా వారిది అని రాయించి, చదివించి, సంతకాలు అయ్యాక ధృవీకరించిన నకలు అదే రోజు తీసుకో. సభకు పదిమంది తల్లుల్ని వెంటబెట్టుకుని వెళ్ళు, ముందు వరుసలో కూర్చోండి. తీర్మానం ముసాయిదా, ఎస్టిమేట్ నకలు, ఈసీ నాకు ముందుగా పంపిస్తే చూసి, మార్చవలసినవి మార్చి తిరుగు టపాలో పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య