ఇంటి వర్క్‌షాప్‌కి చవక థిక్నెస్ ప్లేనర్ సరిపోతుందా?

సరిపోతుందండీ, ధైర్యంగా కొనండి. మీ సందేహాలు రెండు: తక్కువ ధరలో వచ్చే పోర్టబుల్ ప్లేనర్‌తో (చెక్కను అంతటా ఒకే మందానికి చెక్కే మెషిన్) ఇంట్లో ఫర్నిచర్ పని అవుతుందా, జాయింటర్ (చెక్క ముఖాన్ని వంకర లేకుండా చదును చేసే మెషిన్) లేకుండా ఇదొక్కటే కొంటే దండగా అని. నేను కొన్నేళ్లుగా పన్నెండున్నర అంగుళాల వెడల్పు చెక్క పట్టే చిన్న మెషిన్ మీదే పని చేస్తున్నాను, జాయింటర్ లేదు. అల్మారా తలుపులు, టేబుల్ పలకలు అన్నీ దాని మీదుగా వచ్చినవే.

కాకపోతే ఒక్క విషయం ముందే తెలిసి ఉండాలి. థిక్నెస్ ప్లేనర్ మందాన్ని సమం చేస్తుందే తప్ప వంకర తీయదు. మెలి తిరిగిన చెక్కను లోపలికి పంపితే రోలర్లు దాన్ని అణిచిపెట్టి లాగుతాయి, బ్లేడ్లు పైముఖాన్ని చెక్కుతాయి, బయటికి రాగానే చెక్క మళ్లీ తన మెలికకే తిరిగిపోతుంది. మందం మాత్రం అంతటా ఒకటే. చాలామంది మెషిన్ బాగాలేదనుకునేది ఇక్కడే.

దీనికి స్లెడ్ చేసుకోండి. తిన్నగా ఉన్న ఎండీఎఫ్ పలక ఒకటి తీసుకుని, చివర ఓ సన్నటి అడ్డుబద్ద బిగించండి. దాని మీద వంకర చెక్కను పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కి చూడండి. ఎక్కడ ఊగితే అక్కడ కింద చిన్న చెక్క చీలిక దూర్చి, హాట్ గ్లూ చుక్క వేయండి. చీలికను బలవంతంగా కొట్టొద్దు, చెక్క పైకి లేస్తుంది. ఊగడం ఆగిందంటే చాలు. ఇప్పుడు స్లెడ్‌తో సహా మెషిన్‌లోకి పంపి పైముఖం అంతా చదును అయ్యేదాకా కొద్దికొద్దిగా తీయండి. తర్వాత స్లెడ్ పక్కన పెట్టి, చదునైన ముఖాన్ని కిందికి తిప్పి రెండో వైపు చిత్రిక పట్టండి. వెడల్పు విషయంలో ఇదే నయం, ఎందుకంటే ఇంట్లో పెట్టుకోగలిగే జాయింటర్లు ఎక్కువగా 6 అంగుళాలవే.

ఇక స్నైప్. చెక్క మొదట్లో, చివర్లో రెండు మూడు అంగుళాల మేర కాస్త లోతుగా తెగడం. ఆ రెండు చోట్లా చెక్కను ఒక్క రోలరే పట్టుకుంటుంది కాబట్టి కొస పైకి లేచి బ్లేడ్లకు తగులుతుంది. చవక మెషిన్లలో టేబుళ్లు పొట్టిగా ఉంటాయి, అందుకే ఇది ఎక్కువ. ముందు వెనక టేబుళ్ల బయటి కొసలను, బ్లేడ్ల కింద ఉండే అసలు బెడ్ కన్నా వెంట్రుకవాసి ఎత్తులో పెట్టి, లోపలికి పంపేటప్పుడు వెనక కొసను, బయటికి వచ్చేటప్పుడు ముందు కొసను కొంచెం ఎత్తి పట్టుకుంటే చాలావరకు పోతుంది. నేను ఒకే మందం చెక్కల్ని ఒకదాని వెనక ఒకటి ఆనించి పంపుతాను, మొదటిదానికీ చివరిదానికీ తప్ప మధ్యవాటికి స్నైప్ పడదు. ఎంత చేసినా, కావాల్సిన కొలత కన్నా పొడవుగా ఉంచి చివర్లో కోసుకోవడమే భద్రం.

కొనేటప్పుడు మోటారు హార్స్‌పవర్ చూసి మురిసిపోకండి. ముందు అడగాల్సింది బ్లేడ్ల గురించి. ఆ మోడల్‌కి విడి బ్లేడ్లు సులువుగా దొరుకుతాయా, రెండు వైపులా పదును ఉన్నవా? దొరక్కపోతే ఎంత చవకైనా వద్దు. టేకులో ఉండే సిలికా పదునును త్వరగా తినేస్తుంది. ప్లైవుడ్‌లోని జిగురు కూడా అంతే, దాన్ని అసలు పంపొద్దు. పాత తలుపుల చెక్కయితే మేకులు పూర్తిగా వెతికి తీశాకే. ఒక్క మేకు తగిలిందా, ఇక ప్రతి పలక మీదా సన్నటి గీత లేస్తుంది.

ఖరీదు పెరిగితే నునుపు పెరుగుతుంది, అది నిజమే. ఉదాహరణకు డీవాల్ట్ డీడబ్ల్యూ735లో మూడు బ్లేడ్లు, రెండు స్పీడ్లు ఉంటాయి, అంగుళానికి 96 లేదా 179 కోతలు. రెండు బ్లేడ్ల చవక మెషిన్‌లో ఆ నునుపు రాదు, కానీ ఆ తేడా స్క్రేపరుతో, ఇసుక కాగితంతో పోతుంది. ఒక్కసారికి అంగుళంలో 32వ వంతు మించి తీయకండి, గ్రెయిన్ (చెక్క నారలు) ఎటు వాలిందో చూసి పంపండి. మొత్తం ఒకే వైపు నుంచి కాకుండా రెండు ముఖాల నుంచీ సమానంగా తీస్తే చెక్క తర్వాత వంగే అవకాశం తక్కువ.

పొట్టు గురించి ఎవరూ ముందు చెప్పరు. చిన్న వాక్యూమ్ డబ్బా చూస్తుండగానే నిండిపోతుంది, మెషిన్‌కీ వాక్యూమ్‌కీ మధ్యలో పెద్ద డ్రమ్ము ఒకటి పెట్టుకోండి. శబ్దం భరించలేనంత ఉంటుంది, చెవులకు మఫ్స్ లేకుండా ఆన్ చేయొద్దు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే మోటారు వేడెక్కుతుంది. అడుగు కన్నా పొట్టి ముక్కలు పంపకండి, మెషిన్ నడుస్తున్నప్పుడు చెక్కకు సూటిగా నిలబడకండి.

సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒకే రకం బద్దలు రెండు, వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్లండి. ఒక బద్దను బెడ్‌కి ఎడమ చివర, ఇంకోదాన్ని కుడి చివర పెట్టి ఒకే సెట్టింగ్‌లో పంపి రెండింటి మందం కొలవండి. తేడా వస్తే హెడ్ (బ్లేడ్లు బిగించిన భాగం) ఒక పక్కకి వాలిందన్నమాట. దాన్ని సరిచేసే స్క్రూలు ఉన్నాయో లేదో మాన్యువల్‌లో చూసుకుని అప్పుడు బేరం ఆడండి.