స్నేహానికి ఇన్ని ఫైళ్లా?

ప్రశ్న: మా అబ్బాయి నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడెలో చదువుతున్నాడు. సరిహద్దు దాటగానే జర్మనీలోని గ్రోనావులో ‘యూరెజియో’ అనే సంస్థ ఉందట. రెండు దేశాల ఊళ్లు కలిసిమెలిసి ఉండాలని పెట్టుకున్నదట. తీరా చూస్తే అచ్చం ప్రభుత్వ కార్యాలయంలా ఉందంటాడు. స్నేహానికి ఇన్ని ఫైళ్లెందుకండీ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముప్ఫై ఒక్క ఏళ్లు ఆడిట్ శాఖలో ఎర్రసిరాతో బతికినవాణ్ణి. ఫైళ్లను ఎవరైనా వెక్కిరిస్తే కొంచెం గుచ్చుకుంటుంది. అయినా మీ అబ్బాయి సరిగ్గానే పట్టుకున్నాడు.

ఆ సంస్థ పుట్టింది 1958లో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదమూడేళ్లే. రెండు వైపులా బట్టల మిల్లుల ఊళ్లు, రెండు రాజధానులకూ దూరం. తమ గోడు ఎవరికీ పట్టదని పురపాలకులే చేతులు కలిపారు. 1978లో ఉమ్మడి మండలి కూడా పెట్టుకున్నారు.

అసలు మార్పు 1990లో ‘ఇంటర్‌రెగ్’ నిధులతో వచ్చింది. సరిహద్దు ప్రాంతాల కోసం బ్రస్సెల్స్, అంటే యూరోపియన్ యూనియన్, ఇచ్చే సొమ్ము అది. ఇద్దరు మిత్రులు తమ డబ్బుతో భోంచేస్తే లెక్క అడిగేవారు లేరు. మూడోవాడి డబ్బుతో తింటే బిల్లు చూపించాలి కదా! దరఖాస్తులు, ఎవరి వాటా ఎంత, ఉద్యోగి ఏ పనిమీద ఎన్ని గంటలు కూర్చున్నాడు, అన్నిటికీ కాగితమే. ఆ కాగితాలు రాయగలవారినే పనిలోకి తీసుకుంటారు. వాళ్లు లెక్క అడిగేవాడి భాషలోనే మాట్లాడటం మొదలుపెడతారు. గడువులోగా ఖర్చు కాని సొమ్ము వెనక్కి పోతుంది కూడా. మన ఆఫీసుల్లో మార్చి నెలాఖరు హడావిడి చూసినవారికి ఇక వివరించనక్కర్లేదు.

చట్టం చిక్కు మరొకటి. జర్మన్ చట్టం కింద నమోదైన ప్రైవేటు సంఘంలో డచ్చి పురపాలక సంఘాలు సభ్యులు! అందుకే రెండు వైపులా స్థానిక సంస్థలు ప్రభుత్వ చట్టం కింద కలిసి పనిచేయడానికి వీలిచ్చే ఆన్‌హోల్ట్ ఒప్పందం 1991లో కుదిరింది. దాని ఆసరాతో 2016లో యూరెజియో నిజంగానే ప్రభుత్వ చట్టం కిందికొచ్చే ఉమ్మడి సంస్థ అయింది. పన్ను వేసే అధికారం మాత్రం రాలేదు. ప్రభుత్వపు బరువు వచ్చింది, బలం రాలేదు. నాకు కష్టంగా తోచేది ఇదే.

అయితే అక్కడ ఒక సలహా విభాగం ఉంది. ఒక దేశంలో ఇల్లు, మరో దేశంలో ఉద్యోగం ఉన్నవాళ్లకు పన్ను ఎక్కడ, బీమా ఎక్కడ అన్నది చెబుతారు. మీ అబ్బాయికి రేపు అలాంటి ఉద్యోగమే దొరికితే వెళ్లమనండి. ఉద్యోగ ఒప్పందం, అద్దె కాగితం మరిచిపోవద్దనండి.