చిన్న బాల్కనీలో ఉతుకు సామాను: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. వంటింటి వెనక బాల్కనీలో వాషింగ్ మెషీన్ పోగా ఒక మనిషి నిలబడే జాగానే మిగిలింది. సర్ఫు ప్యాకెట్లు, బకెట్లు, చీపుర్లు, ఫినాయిల్, విడిచిన బట్టలు అన్నీ అందులోనే. పైగా బాబు పాకడం మొదలెట్టాడు. ఏ స్టాండు కొనమంటావు పెద్దమ్మా అని అడిగావు కదా, ఇప్పుడే ఏదీ కొనకు. స్టాండు వస్తే దాన్ని నింపడానికి ఇంకో నాలుగు సీసాలు వస్తాయి. ముందు ఉన్న సామాను తగ్గించు. మిగిలినదానికి చోటు తర్వాత చూద్దాం.

ఒక ఆదివారం పొద్దున బాబుని అల్లుడుగారికి అప్పజెప్పి, మొత్తం హాల్లోకి తెచ్చి పాత పేపర్ల మీద పెట్టు. ఒకే పనికి రెండు ఉన్నవి పక్కకి తీయి. మెషీన్‌కి ఒక సర్ఫు, చేత్తో ఉతికేవాటికి ఒక సబ్బు బిళ్ళ ఉంటే ఇల్లు గడుస్తుంది. మీది ఫ్రంట్ లోడ్ కాబట్టి దానికని అమ్మే తక్కువ నురగ సర్ఫే వాడు. బకెట్లో నానబెట్టే మామూలు సర్ఫు వేస్తే నురగ పొంగి, బట్టలు సరిగా జాడించదు. ఆఫర్ ఉందని పెద్ద బ్యాగులు మోసుకు రావద్దు. వానాకాలంలో ఆ బాల్కనీ తేమకి పొడి గడ్డకట్టి, మెషీన్ డ్రాయర్లో ముద్దలా ఉండిపోతుంది. నెలకి ఎంత పడుతుందో అంతే తెచ్చుకో. మీకు బోరు నీళ్ళే అంటున్నావు. ఉప్పు నీళ్ళలో తెలుపు మసకబారిందని సర్ఫు గుప్పిళ్ళతో వేస్తే అది బట్టల్లోనే మిగిలిపోతుంది, పిల్లాడి ఒంటికి దురద. ప్యాకెట్ మీద ఇలాంటి గట్టి నీళ్ళకి (హార్డ్ వాటర్) ఎంత వేయాలో రాసి ఉంటుంది, ఆ కొలత మించకు. ఆ కొలత చెంచా సర్ఫు డబ్బాలోనే ఉండాలి.

మరకల మందులు కూడా చాలా కనిపించాయి. వాటిలో సగం అక్కర్లేదు. పసుపు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, అది చూసి కంగారుపడి అందరూ సీసాలు కొంటారు. సబ్బు బాగా పోయేదాకా జాడించి, తడిగానే ఎండలో వేస్తే పసుపు తనంతట తానే వెలిసిపోతుంది. బాబు పాలు కక్కిన బట్టలకీ, రక్తం మరకలకీ ముందు చన్నీళ్ళు పట్టించు, వేడినీళ్ళు తగిలితే మరక పట్టేస్తుంది. గంజి పొడి డబ్బా కూడా ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. మంగళగిరి చీర కట్టుకోవాలనుకున్నప్పుడు గుప్పెడు సగ్గుబియ్యం కాచుకుంటే చాలు. నీలిమందు సీసా మాత్రం ఉంచు, కానీ ముందు నీళ్ళలో కలిపి ఆ తర్వాతే బట్ట ముంచు. చుక్క నేరుగా పడితే ఆ మచ్చ పోదు.

ఇక్కడ కాస్త నిదానంగా చదువు తల్లీ, నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫొటోలో బ్లీచ్ సీసా, టాయిలెట్ క్లీనర్ ఒకే టబ్బులో ఉన్నాయి. ఇవాళే విడదీయి. టాయిలెట్ క్లీనర్లు చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అంత ఇరుకు చోట రెండు మూతలు కారినా ఊపిరి ఆడదు. మెషీన్‌లో ఉప్పు పేరుకుంటే వేసే నిమ్మ ఉప్పు కూడా ఆమ్లమే, దాన్నీ బ్లీచ్ దగ్గర పెట్టకు. ఆమ్లం ఉన్నవి బాత్రూంలో పై అరలో, బ్లీచ్ బాల్కనీలో ఎండ తగలని పై అరలో ఉండాలి. ఎండకీ వేడికీ బ్లీచ్ పస తగ్గిపోతుంది, అందుకని చిన్న సీసానే కొను. ఎప్పుడైనా ఘాటు వాసన వచ్చి కళ్ళు మండితే శుభ్రం చేస్తూ కూర్చోకుండా బాబుని ఎత్తుకుని బయటికి వచ్చెయ్యి.

ఇంకోటి. తినే వస్తువుల డబ్బాల్లో, కూల్ డ్రింక్ సీసాల్లో ఇవేవీ పోయకు. చాకలి సోడా చూడటానికి ఉప్పులానే ఉంటుంది, ఫినాయిల్‌లో నీళ్ళు పోస్తే పాలలా తెల్లబడుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలకి తెలియదు, పిల్లాడికి అసలే తెలియదు. ఏదైనా కొన్న సీసాలోనే, పేరు కనబడేలా ఉండాలి. పొరపాటున బాబు నోట్లో పెట్టుకుంటే కక్కించే ప్రయత్నం చేయకు. అది వచ్చేటప్పుడు గొంతు మళ్ళీ కాలుతుంది. నోరు తుడిచి, ఆ సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. డాక్టరుకి ఆ సీసా మీది పేరే కావాలి.

ఇప్పుడు మిగిలినవాటికి చోటు. నేల మీద బకెట్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు. అవి కూడా ఒకదాంట్లో ఒకటి, బోర్లించి. నీళ్ళు నిలిచిన బకెట్ పాకే పిల్లాడున్న ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. మెషీన్ మీద సీసాలు పెట్టకు, పిండేటప్పుడు ఆ అదురుకి జరిగి జరిగి కింద పడతాయి. మెషీన్ పైన గోడకి ఒకే ఒక్క అర వేయించు, నీ చెయ్యి అందేంత ఎత్తులో, ముందు అంచుకి చిన్న పట్టీతో. ఒక్క సీసా వరుస పట్టే వెడల్పు చాలు. వెడల్పు ఎక్కువైతే వెనక వరుసలో ఏముందో మర్చిపోయి మళ్ళీ అదే కొంటాం.

విడిచిన బట్టలకి బుట్ట కొనకు, అది సగం బాల్కనీ తినేస్తుంది. బాత్రూం తలుపు వెనక కొక్కేలకి రెండు పాత దిండు గలీబులు తగిలించు, ఒకటి తెల్లవాటికి, ఒకటి రంగువాటికి. తడి టవలు మాత్రం ఆరేశాకే అందులో వెయ్యి, లేకపోతే ముక్కవాసన, నల్ల చుక్కలు. బాబు బట్టలు రోజూ ఉతికేవే కాబట్టి వాటికి వేరే సంచి అక్కర్లేదు. ఇస్త్రీ బండికి ఇచ్చేవి మంచం కింద ఒక గుడ్డలో కట్టి ఉంచు, ఎన్ని ఇచ్చావో ఆ చీటీ కూడా అందులోనే.

క్లిప్పులు తీగ మీదే వదిలేస్తే ఎండకి పెళుసెక్కి విరిగిపోతాయి. హ్యాంగర్‌కి చిన్న సంచి కుట్టి అందులో వేస్తే తీగ మీద నీతో పాటే జరుగుతుంది. ఇస్త్రీ పెట్టె ఆ తేమలో వద్దు, బీరువా పైకి మార్చు. ఇస్త్రీ బల్ల కూడా అక్కర్లేదు, మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసుకో.

గోడకి రంధ్రాలు కొట్టొచ్చో లేదో మీ ఓనర్‌ని అడుగు. సరేనంటే మెషీన్ పైన గోడ పొడవు టేపుతో కొలిచి వాట్సాప్‌లో పెట్టు. ప్లగ్గు ఎటువైపు ఉందో, కుళాయి ఎటువైపో కూడా రాయి, నీళ్ళ పైపుకి మేకు తగలకూడదు. మీ పెదనాన్న దగ్గర మంచి చెక్క ఉంది, కోయించి ఉంచుతారు. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్ళుదువు గాని.

ఇట్లు,
మీ పెద్దమ్మ