రెంటికీ చెడ్డ రేవడి అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది. బయోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఇటు ఫిజిక్సూ కాక, అటు బయాలజీ కాక రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని నా భయం. బంధువుల పిల్లలు ఇద్దరు అమెరికాలో స్థిరపడ్డారు. అప్పు చేసైనా అక్కడ బయోఇన్ఫర్మేటిక్స్ (జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు) ఎంఎస్‌కు పంపడం మేలా? రెండూ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: శాఖల పేర్లు మారుతాయి గానీ, అడ్మిషన్ల కాలంలో నాకు వచ్చే ఉత్తరాల్లోని భయం మారదు. మీరు పోలిక అడిగారు. మీ మనసులో ఉన్నది మాత్రం రేపు అమ్మాయిని ఏ శాఖవారైనా తమ మనిషిగా చూస్తారా అన్న దిగులు. ప్రవేశ పరీక్షను ఆమె ఎలాగూ దాటింది కనుక ఆ సంగతి వదిలేద్దాం.

జీవకణాల పనితీరును భౌతికశాస్త్ర పద్ధతులతో వెతికే ఈ బయోఫిజిక్స్ నిన్న మొన్న పుట్టినది కాదు. బెంగళూరు ఐఐఎస్సీలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగాన్ని నెలకొల్పిన జి.ఎన్. రామచంద్రన్ భౌతికశాస్త్రవేత్తే. వెంకీ రామకృష్ణన్ 1976లో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ పట్టా పొందిన తరువాత, బయాలజీ నేర్చుకోవడానికి మళ్ళీ విద్యార్థిగా చేరారు. కణంలో ప్రోటీన్లను తయారు చేసే రైబోజోమ్ మీద పరిశోధనకు 2009లో ఆయనకు దక్కినది కెమిస్ట్రీ నోబెల్. ఇది మీ అమ్మాయికి నోబెల్ వస్తుందన్న హామీ కాదు, శాఖ మారినంత మాత్రాన చదివిన చదువు వృథా కాదన్న ధైర్యం.

శిక్షణ మొదట్లో కష్టంగానే ఉంటుంది. కణంలో సరుకులు మోసే కైనెసిన్ అనే ప్రోటీన్ ఒక్కో అడుగుకు 8 నానోమీటర్లు కదులుతుందని తేలింది దానికి తగిలించిన ఒక సూక్ష్మమైన పూసను లేజర్ కాంతితో పట్టి కొలిచినప్పుడు. అలాంటి ప్రయోగానికి ఆప్టిక్స్ తెలియాలి, ప్రోటీన్‌ను చెడకుండా శుద్ధి చేయడం చేతికి రావాలి, వచ్చిన సంకేతంలో ఏది అడుగో ఏది గోలో గణాంకశాస్త్రంతో తేల్చగలగాలి. ఫిజిక్స్‌లో ఫస్ట్ వచ్చిన పిల్ల ద్రవాలను కొలిచి తీసే పిపెట్ పట్టుకోవడం దగ్గర తడబడి, మొదటి ఏడాది ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే, దాన్ని ఓటమిగా లెక్క కట్టకండి.

ఇక నా అనుమానాలు. ప్రోటీన్ల ఆకారాన్ని అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రాము ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో నోబెల్ వచ్చినప్పటి నుంచి, కంప్యూటర్ ముందు కూర్చుంటే మందులు పుట్టుకొస్తాయన్న మోజు పెరిగింది. ఆ ప్రోగ్రాము నేర్చుకున్నది 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకులో ప్రయోగశాలలు దశాబ్దాలుగా చేర్చిన నిర్మాణాల నుంచేనని ఎవరూ గుర్తు చేయరు. సాఫ్ట్‌వేర్ నడపడం మాత్రమే నేర్పే కోర్సు చదివినవారికి, అది తప్పు చెప్పినప్పుడు తప్పని గుర్తించే చూపు అలవడడం కష్టం. అలాగని ‘ఇంటర్‌డిసిప్లినరీ’ అని బోర్డు పెట్టిన ప్రతి చోటునూ నేను నమ్మను. ఇద్దరు గైడ్ల పేర్లు కాగితం మీద ఉండి, విద్యార్థి సందేహం వాళ్ళిద్దరి మధ్య బంతిలా తిరిగే ల్యాబులు ఉన్నాయి.

పోలిక రెండు మాటల్లో చెబుతాను. ఇక్కడ పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) స్థాయి భృతి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు. అయిదారేళ్ళు పడుతుంది, అధ్యాపక ఉద్యోగాలు తక్కువ. అక్కడ రెండేళ్ళలో పట్టా వస్తుంది, అప్పు మాత్రం మొదటి రోజే మొదలవుతుంది, వీసా మన చేతిలో ఉండదు.

కాస్త కటువుగానే ఒక మాట. మీ ఉత్తరంలో మీ భయం ఉంది, బంధువుల పిల్లలు ఉన్నారు, కానీ మీ అమ్మాయిని ఏ ప్రశ్న పట్టుకుందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. సీటు తెచ్చుకున్నది ఆమె. ముందు ఆమెనే అడగండి. తరువాత ఆ ల్యాబులో మూడు, నాలుగో ఏడాదిలో ఉన్న విద్యార్థులతో, గైడ్ లేని చోట, ఒక గంట మాట్లాడి రమ్మనండి: ప్రయోగం పాడైతే పక్కన నిలబడేది ఎవరు, పట్టా పుచ్చుకున్నవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు, ఎన్నేళ్ళు పట్టింది అని. మీరు మాత్రం వెంట వెళ్ళకండి.