డిస్కు మీద ముద్రించని ప్రింటరు: దుకాణదారు మాటకు చట్టంలో విలువ ఉందా?

ప్రశ్న: నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. బంధుమిత్రుల ఇళ్లలో జరిగిన శుభకార్యాల పాత వీడియో క్యాసెట్లను డీవీడీలుగా మార్చి, డిస్కు మీదనే వాళ్ల ఫోటో, పేర్లు ముద్రించి ఇస్తుంటాను. తెలిసినవాళ్ల ద్వారా వచ్చే పనులకు కొంత సొమ్ము తీసుకుంటాను. పాత ప్రింటరు పాడవడంతో, ఫోటోలకూ డిస్కులకూ పనికొచ్చే ఇంక్‌జెట్ కావాలని ఎస్.పి. రోడ్డులోని ఒక దుకాణదారును వాట్సాప్‌లో అడిగి, ఆయన చూపిన ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటరును మూడు వారాల క్రితం కొన్నాను. ముద్రణ కోసం డిస్కును పెట్టి లోపలికి పంపే డిస్కు ట్రే పెట్టెలో లేదు. ఈ మోడలుకు ఆ సదుపాయమే లేదని సర్వీస్ సెంటరువారు చెప్పారు. స్టిక్కర్లు అతికించుకోమనీ, బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉందనీ దుకాణదారు అంటున్నారు. నేను ఏం చేయగలను? బయటి ఇంకు పోస్తే వారంటీ పోతుందా?

జవాబు: మీ వివాదంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం మీరు ప్రింటరును ఎలా అడిగారన్నది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం, కొనుగోలుదారు తన అవసరం ఏమిటో విక్రేతకు తెలియజేసి, అతని అనుభవం మీద ఆధారపడి వస్తువు కొన్నప్పుడు, ఆ వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు బిల్లులో రాయకపోయినా ఆ అమ్మకంలో ఉన్నట్టే లెక్క. అయితే, ఫలానా కంపెనీ ఫలానా మోడలు ఇవ్వమని పేరు పెట్టి అడిగి కొన్నవారికి ఈ రక్షణ సాధారణంగా దక్కదు. వీడియోల్లో సమీక్షలు చూసి, మోడలు నంబరు కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లేవారు ఈ తేడాను గుర్తించరు. పైగా ఆ సమీక్ష వేరే దేశానిదైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. కేనన్ సంస్థ ఐరోపాలో డిస్కు ట్రేతో అమ్మిన కొన్ని మోడళ్లను చాలాకాలం అమెరికాలో ఆ సదుపాయం లేకుండానే అమ్మింది. కాబట్టి పేరు ఒకటే అయినంత మాత్రాన పెట్టెలో ఉండేవి ఒకటే కావాలని లేదు. మీరు మోడలు చెప్పకుండా పని చెప్పి అడిగారు గనుక మీ స్థానం బలంగా ఉంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా మీకు తోడుగా నిలుస్తుంది. అందులోని లోపం నిర్వచనం యంత్రం పాడవడానికే పరిమితం కాలేదు. వ్యాపారి ఏ విధంగానైనా చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గినా అది లోపమే. లేని ఉపయోగాలను, లేని అనుబంధ పరికరాలను ఉన్నట్టు నోటిమాటగా గానీ, రాతపూర్వకంగా గానీ, ఎలక్ట్రానిక్ రూపంలో గానీ చెప్పడం సెక్షన్ 2(47) కింద అనుచిత వాణిజ్య పద్ధతి. మీ ప్రశ్న, ఆయన జవాబు వాట్సాప్‌లో ఉన్నాయి గనుక వాటిని చెరపకుండా ఫోనులోనే ఉంచి, ప్రతులు తీసుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా చూపేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రాన్ని భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద జతచేస్తే, ఆ ప్రతుల మీద ఎదుటివారు లేవనెత్తగల అభ్యంతరం ఒకటి తప్పుతుంది. సంభాషణ తెలుగులో సాగి ఉంటే ఇంగ్లీషు అనువాదం కూడా సిద్ధం చేసుకోండి.

స్టిక్కరు అతికించుకోమన్న సలహాను మీరు అంగీకరించనవసరం లేదు. ముద్రణకు అనువైన తెల్లటి పూత ఉన్న డిస్కు మీద నేరుగా ముద్రించడం ఒక పని, కాగితం ముద్రించి అంటించడం మరో పని. స్టిక్కరు కాస్త పక్కకు జరిగితే తిరిగేటప్పుడు డిస్కు తూకం తప్పవచ్చు, కాలక్రమంలో అంచు లేచి డ్రైవులో ఇరుక్కోవచ్చు. మీరు అడిగింది మొదటి పని చేసే యంత్రాన్ని.

బిల్లు మీది ఆ వాక్యానికి దుకాణదారులు అనుకునేంత బలం లేదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేదీ లేకపోతే 30 రోజుల్లోగా, వాపసు తీసుకోవడానికి నిరాకరించడం కూడా అదే సెక్షన్ 2(47) కిందికి వస్తుంది. మీకు మూడు వారాలు గడిచిపోయాయి. వస్తువును తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా సమంజసమైన కాలం దాటి ఉంచుకుంటే, దాన్ని అంగీకరించినట్టు విక్రయ చట్టం భావిస్తుంది. అప్పుడు డబ్బు వాపసు కోరే హక్కు బలహీనపడి, నష్టపరిహారం మాత్రమే మిగిలే అవకాశం ఉంది. కాబట్టి ఈ వారంలోనే వాట్సాప్‌లోనూ, రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులోనూ తిరస్కరణ తెలియజేసి, వివాదం తేలేవరకు ఆ యంత్రం మీద ఫోటోలు కూడా ముద్రించకుండా ఆపండి.

సొమ్ము తీసుకుంటున్నారు గనుక మీరు వినియోగదారు కారని ఎదుటివారు వాదించవచ్చు. ఈ వాదన తరచుగా వినిపిస్తుంది, కొన్ని కేసుల్లో నెగ్గుతుంది కూడా. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు టైపు మిషను ఉదాహరణనే తీసుకుంది: సొమ్ము తీసుకుని ఇతరుల పని టైపు చేయడం వాణిజ్య ప్రయోజనమే అయినా, కొన్న వ్యక్తి స్వయంగా దాని మీద పనిచేస్తూ జీవనోపాధి పొందుతుంటే, ఒకరిద్దరి సహాయం తీసుకున్నా, వినియోగదారుగానే ఉంటాడు. మీరు ఇంట్లో స్వయంగా చేసే పని అనీ, దాని మీద వచ్చే ఆదాయం ఏమిటనీ ఫిర్యాదులో దాచకుండా రాయండి. జీతాలకు మనుషులను పెట్టి స్టూడియో నడుపుతుంటే మాత్రం నా జవాబు వేరుగా ఉండేది.

ఇక ఇంకు సంగతి. బయటి ఇంకు కొనడం నేరం కాదు. అయితే వారంటీ ఒక ఒప్పందం గనుక దాని మాటలను చదవాలి. వేరే ఇంకు వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని ఉంటే, ప్రింట్ హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) ఆ ఇంకు వల్లే పాడైందని కంపెనీవారు చూపించవలసి ఉంటుంది. అవసరమైతే, ఇలాంటి ఫిర్యాదులను విచారించే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపగలదు. వేరే ఇంకు వాడితే మొత్తం వారంటీయే రద్దని ఉంటే మీ పోరాటం కష్టతరమవుతుంది. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లకు చాలాసార్లు కాలపరిమితితో పాటు ముద్రించిన పేజీల పరిమితి కూడా ఉంటుంది, ఏది ముందు వస్తే అది వర్తిస్తుంది. ఫోటోలు ఎక్కువగా ముద్రించేవారికి పేజీల పరిమితే ముందు రావచ్చు. మీ విషయంలో ట్రే వివాదానికి ఇంకుతో సంబంధం లేదు గానీ, ఎదుటివారికి కొత్త సాకు దొరకకుండా ఇప్పుడు బయటి ఇంకు పోయకండి.

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. కొన్ని వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే, మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండు సంవత్సరాలు. దుకాణదారును మొదటి ప్రతివాదిగా చేర్చండి. తయారీదారు తన ప్రచారంలో డిస్కు ముద్రణ ఉందని ఎక్కడా చెప్పకపోతే వారిని లాగడం వల్ల వాయిదాలు పెరగడం తప్ప మీకు ఒరిగేది ఉండదు.