మోకాలి ఆపరేషన్ తర్వాత నిదానంగా కోలుకుంటున్న చెల్లాయికి

చి.ల.సౌ. చెల్లాయికి, అక్క ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్‌లో నువ్వు "రెండు నెలలైంది అక్కా, ఇంకా వాపే తగ్గలేదు, లక్షలు పోసి ఉన్న కాలు కూడా పాడుచేసుకున్నానేమో" అన్నావు. ఆ మాట నన్ను వదల్లేదు. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను ఓదారుస్తాను, అసలు చెప్పాల్సినవి మిగిలిపోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. నా రెండు మోకాళ్లూ మార్చినవే కాబట్టి నువ్వు పడుతున్నవన్నీ నేనూ పడ్డాను. ఓపిగ్గా చదువు. మరిదిగారికి కూడా చదివి వినిపించు.

నిదానంగా కోలుకోవడం వేరు, కోలుకోకపోవడం వేరు. నువ్వు చెప్పినవన్నీ విన్నాక నీది మొదటి రకమే అనిపించింది నాకు. అయినా నా మాట మీద ఉండిపోవద్దు. ఎలా తేల్చుకోవాలో రాస్తాను.

ఆపరేషన్‌లో జరిగింది ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం అరిగిన చోట కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, ఒకదానికి లోహపు తొడుగు, రెండోదానికి లోహపు పళ్లెం బిగించి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క పెడతారు. ఆ పని ఆపరేషన్ బల్ల మీదే పూర్తయిపోయింది. కీలు కొత్తది. దాన్ని కదిపే తొడ కండరం మాత్రం పాతదే. ఏళ్ల తరబడి నొప్పికి భయపడి ఆ కాలి మీద బరువు వేయలేదు నువ్వు, కండరం అప్పుడే చిక్కిపోయింది. దాని మీద మళ్లీ కోత. పైగా మోకాల్లో వాపు ఉన్నంతకాలం తొడ ముందుభాగం కండరం, వ్యాయామాలు చేయించే ఫిజియోవాళ్లు క్వాడ్స్ అంటారే, అది మనం ఎంత ప్రయత్నించినా పూర్తిగా బిగుసుకోదు. నువ్వు బలం పెట్టినా కాలు లేవకపోతోందంటే కారణం ఇదే. బద్ధకమూ కాదు, పిరికితనమూ కాదు. ఆ బలం తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

పైన గాయం రెండు మూడు వారాల్లో మానుతుంది. వాకర్ వదిలి చేతికర్రకి రావడానికి చాలామందికి నెల, నెలన్నర. ఇంటి పనులు కాస్త ధైర్యంగా చేసుకోవడానికి మూడు నెలలు. వాపు, వేడి ఆరు నెలల దాకా వచ్చిపోతూనే ఉండొచ్చు. మోకాలి సంగతి మర్చిపోయి నడవాలంటే ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. "ఆపరేషన్ చేసిన రోజే నడక" అని బోర్డుల మీద రాసేది అబద్ధమేమీ కాదు. వాకర్ ఇచ్చి నాలుగు అడుగులు వేయిస్తారు, రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అది మంచిది కూడా. కానీ అక్కడ మొదలయ్యే దారి ఎంత పొడవో మనల్ని కూర్చోబెట్టి ఎవరూ చెప్పరు. అందుకే ఇంతమంది రెండో నెలలో కుంగిపోతున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇంకాస్త ఖరీదైన కీలు వేయించుకుని ఉంటే త్వరగా తగ్గేదేమో అన్నావు. ఆ దిగులు ఈరోజుతో వదిలెయ్. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి పరిమితి పెట్టింది. ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు నిర్ణయించిన ధర 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. నీకు వేసింది కూడా ఆ రకమే. మొదటి నెలల్లో కోలుకునే వేగం లోహం ఖరీదుని బట్టి ఉండదు. వాపు, కండరం, చేసే వ్యాయామం, వీటిని బట్టి ఉంటుంది.

ఇప్పుడు రాత్రుల సంగతి. నువ్వు అన్నిటికన్నా ఎక్కువ బాధపడుతున్నది నిద్ర గురించే అని నాకు అర్థమైంది. పగలు ఎలాగో గడుస్తుంది, రాత్రి పన్నెండు దాటాక మోకాలు లోపల నుంచి తోడేస్తున్నట్టు ఉంటుంది, ఎటు పెట్టినా కుదరదు, ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే మనం ఒక్కళ్లమే మేలుకుని ఉంటాం. అప్పుడే లేనిపోని ఆలోచనలన్నీ వస్తాయి. రెండు మూడు నెలల దాకా ఇది చాలామందికి ఉండేదే. పడుకోబోయే ముందు ఐస్ పెట్టుకో. రాత్రి మాత్ర ఏ సమయానికి వేసుకుంటే నిద్రవేళకి పనిచేస్తుందో డాక్టరుగారిని అడుగు. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ మానెయ్. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకు. పక్కకి తిరిగి పడుకుంటే రెండు కాళ్ల మధ్య దిండు పెట్టుకో. మెలకువ వచ్చి అరగంటైనా నిద్ర పట్టకపోతే మంచం మీదే దొర్లకుండా, లైటు వేసుకుని, కర్ర పట్టుకుని నాలుగడుగులు నడిచి మళ్లీ పడుకో. బిగుసుకున్న కీలు కొంచెం సడలుతుంది. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెప్పించుకోవద్దు. నీకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, కొన్ని రకాల మాత్రలు కిడ్నీలకి చేటు.

ఒక్క పని మాత్రం అస్సలు చేయకు. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోకు. హాయిగా ఉంటుంది, తెలుసు. కానీ కాలు అలా కొంచెం వంగి ఉండటానికే అలవాటుపడి, తిన్నగా చాపడం రాకుండా పోతుంది. అందరూ "ఎంత వంగుతోంది?" అనే అడుగుతారు. కాలు పూర్తిగా తిన్నగా రావడం అంతకన్నా ముఖ్యం. అది రాకపోతే నడకలో కుంటు ఉండిపోతుంది, నడుం నొప్పి మొదలవుతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టు. పది నిమిషాలు మోకాలు గాల్లో ఉండి దాని బరువుకి అదే కిందికి దిగాలి. ఆ సమయంలో తొడ బిగించి అయిదు లెక్కపెట్టి వదులు. రోజుకి నాలుగైదు సార్లు, టీవీ చూస్తూ అయినా సరే. లాగుతుంది, ఏడుపొస్తుంది, అయినా చెయ్.

వంగడం సంగతీ చెప్తాను. కుర్చీలోంచి తేలిగ్గా లేవాలన్నా, మెట్లు ఎక్కి దిగాలన్నా తొంభై, వంద డిగ్రీల వరకు వంగాలి. చాలామంది చివరికి నూటపది, నూటఇరవై దగ్గర ఆగుతారు. అది చాలు. ఇంట్లో డిగ్రీలు కొలవలేం కాబట్టి నేనొక ఉపాయం పెట్టుకున్నాను. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని, పాదం నేల మీదే ఉంచి వీలైనంత వెనక్కి జరిపి, బొటనవేలు ఉన్నచోట టైలు మీద సుద్దముక్కతో గీత గీసేదాన్ని. వారానికి ఒక్కసారే. రోజూ చూస్తే ఏమీ మారదు, మనసు విరిగిపోతుంది. వారం వారం చూస్తే వేలెడైనా వెనక్కి వెళ్తుంది. పక్కన తేదీ రాసి ఉంచు, తుడవొద్దని పనమ్మాయికి చెప్పు.

మీ వీధిలో ఆవిడ నెలకే మార్కెట్‌కి వెళ్లొచ్చిందన్నావు. ఆవిడ వయసు వేరు, బరువు వేరు, ఆపరేషన్‌కి ముందు కాలు ఎంత వంగేదో అది వేరు. ముందు బాగా బిగుసుకున్న మోకాలికి తర్వాత కూడా ఎక్కువ సమయం పడుతుంది. నువ్వు ఆరేడేళ్లు వాయిదా వేసి వేసి చేయించుకున్నావు. నీ గీతని నీ పాత గీతతోనే పోల్చుకో.

ఆవిడని చూసి నువ్వూ కాలనీ చుట్టూ నడుస్తున్నావని మరిదిగారు చెప్పారు. అది తగ్గించు. ఎక్కువ నడిస్తే త్వరగా తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఎక్కువ నడిస్తే వాపు, వాపు పెరిగితే కండరం పనిచేయదు, మళ్లీ మొదటికి. ఇవాళ చేసిన పని ఎక్కువైందో లేదో రేపు పొద్దున మోకాలు చెప్తుంది. లేచేసరికి నిన్నటికన్నా లావుగా, వేడిగా ఉంటే ఆ రోజు నడక సగం చెయ్. మామూలుగా ఉంటే కొంచెం పెంచు. ఒకేసారి అరగంట నడిచే బదులు అయిదారు నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు నడువు. తర్వాత పడుకుని, పాదం గుండె కన్నా ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టుకుని, ఐస్ ప్యాక్ పల్చటి తువ్వాలులో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు. చర్మం మీద నేరుగా వద్దు. నీకు కోత పక్కన స్పర్శ సరిగ్గా లేదు కదా, ఐస్ చలికి చర్మం దెబ్బతిన్నా తెలియదు.

ఆ స్పర్శ గురించి కూడా భయపడ్డావు. కోతకి బయటి వైపు మొద్దుబారి ఉండటం మామూలే. చర్మానికి వెళ్లే సన్నటి నరాల కొమ్మలు అక్కడ తెగుతాయి. నెలలు గడిచేకొద్దీ ఆ జాగా చిన్నదవుతుంది, కొంచెం ఎప్పటికీ ఉండిపోవచ్చు. నడుస్తుంటే టక్ టక్‌మని శబ్దం వచ్చేది లోహం, ప్లాస్టిక్ తగలడం వల్ల. నొప్పి లేకపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మెట్ల దగ్గర ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఒక చెయ్యి రెయిలింగ్ మీద. కింద పీట వేసుకుని కూర్చోవడం, బాసింపట్టు వేయడం, ఇండియన్ టాయిలెట్, ఇవి వద్దు. కమోడ్ ఎత్తు చాలకపోతే పైన పెట్టుకునే సీటు దొరుకుతుంది. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ బిగించమను. గుమ్మాల దగ్గర జారే పట్టాలన్నీ తీయించెయ్. శ్రావణమాసం వ్రతానికి కింద కూర్చోలేనని బెంగపడకు, పూజ బల్ల మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుని చేసుకో. నేను అలాగే చేసుకుంటున్నాను, అమ్మవారికి ఏ లోటూ రాలేదు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నావు, ఆ 3,550 మెట్ల మాట ఈ ఏడాది ఎత్తకు. బస్సులో వెళ్లినా దర్శనం దర్శనమే.

తిండి దగ్గర మీ అత్తగారి మాట వినకు, ఈ ఒక్కసారికి. పప్పు తింటే చీము పడుతుందని పెట్టడం లేదట. పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టేది క్రిముల వల్ల, షుగర్ అదుపులో లేకపోతే ఆ ప్రమాదం ఎక్కువ. గాయం మానడానికీ కండరం తిరిగి రావడానికీ కావలసింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పెరుగు, సెనగలు, చేప, వీటిలో ఏదో ఒకటి రోజూ ఉండాలి. కారప్పొడి అన్నం తిని పథ్యం చేస్తే కండరం ఎక్కణ్ణుంచి వస్తుంది? పెద్దావిడతో వాదన వద్దు, డాక్టరుగారు పెట్టమన్నారని మరిదిగారి చేత చెప్పించు.

నూనె మర్దనా, కట్టు కట్టించడం అని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఎముకలకి నాటు కట్టు కట్టే పుత్తూరు వెళ్దామని కూడా అంటారు. లోపల లోహపు కీలు ఉన్న కాలిని ఎవరి చేతికీ ఇవ్వొద్దు. గాయం పూర్తిగా మానాక మచ్చ చుట్టూ ఎలా రాసుకోవాలో ఫిజియో అమ్మాయి చూపిస్తుంది, అంతవరకే.

అన్నట్టు, ఆ అమ్మాయి రావడం ఆపేసింది కదా, ఆసుపత్రి ప్యాకేజీలో ఉన్న రోజులు అయిపోయాయని. మళ్లీ మొదలుపెట్టండి. వారానికి రెండుసార్లు వచ్చినా చాలు. నీ కాలు నిదానించడానికి పెద్ద కారణం ఇదేనని నా అనుమానం. డబ్బు దగ్గర ఎక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ కాదు.

కోడలి చేత చేయించుకోవడానికి మొహమాటంగా ఉందన్నావు. పాతికేళ్లుగా ఆ ఇంట్లో అందరికీ నువ్వు చేశావు. ఆ పిల్ల చేస్తానంటుంటే చేయనివ్వు. బదులుగా కుర్చీలో కూర్చుని కూరలు తరుగు, మనవడి చేత ఎక్కాలు చెప్పించు. ఏ పనీ లేకుండా మంచం మీద ఉంటే మనసు కాలు చుట్టూనే తిరుగుతుంది. ఏడుపొస్తే ఏడువు, పెద్ద ఆపరేషన్ తర్వాత నిద్ర లేక, ఒకరి మీద ఆధారపడి ఉన్నప్పుడు అది రావడం సహజం. వారాల తరబడి అలాగే ఉండి, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి పోతే మాత్రం డాక్టరుగారికి చెప్పు. అది కూడా వైద్యం ఉన్న సమస్యే.

ఇప్పుడు ఇది రెండుసార్లు చదువు. చలితో జ్వరం, గాయం నుంచి చెమ్మ కారడం, ఎరుపు పాకడం, తగ్గుతూ వచ్చిన నొప్పి ఉన్నట్టుండి పెరగడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకి చూపించు. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా అంతే. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఎవరినీ అడగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి, అది రక్తపు గడ్డ కావచ్చు. పంటి వైద్యానికి వెళ్తే మోకాలు మార్చారని ముందే చెప్పు.

వచ్చే నెల చెకప్‌కి ఊరికే ఎక్స్‌రే తీయించుకుని రావొద్దు. ఎంత వంగుతోంది, ఎంత తిన్నగా వస్తోంది, డిగ్రీల్లో కొలిచి రాయమని అడుగు. తొంభై దాటకుండా ఆగిపోయి ఉంటే మత్తు ఇచ్చి మోకాలిని వంచే పద్ధతి ఒకటి ఉంది, ఆలస్యం చేయకుండా మొదటి మూడు నెలల్లోపే చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. కాబట్టి ఆ సంగతి అప్పుడే తేల్చుకోవాలి. నొప్పి తగ్గడం లేదంటే ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి రక్తపరీక్షలు చేయాలా, నడుం నుంచి గానీ తుంటి నుంచి గానీ వస్తోందా అని కూడా అడుగు. నీకు అబద్ధం చెప్పను, ఈ ఆపరేషన్ చేయించుకున్న అయిదుగురిలో ఒకరికి అనుకున్నంత సంతృప్తి ఉండదు. నీది ఆ లెక్కలో చేరిందని రెండు నెలలకే తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఆ కుడి మోకాలి సంగతి ఇప్పుడు ఆలోచించకు. ఎడమ కాలి మీద నువ్వు నిబ్బరంగా నిలబడగలిగాక అది మాట్లాడుకుందాం. అప్పుడు నేను వచ్చి నీ దగ్గరే ఉంటాను, మీ బావగారికి ఇప్పుడే చెప్పేశాను.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఆలోపు మొదటి గీత గీసి ఉంచు. మరిదిగారికి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.

ఇట్లు,
నీ అక్క