శరత్తులో పూలు పూస్తాయా, వికసిస్తాయా?

సందేహం: మా మనవరాలు న్యూజెర్సీలో ఉంటుంది. వారాంతపు తెలుగు క్లాసులో 'మా పెరడు' అని వ్యాసం రాయమంటే "శరదృతువు వచ్చినా మా పెరట్లో పూలు ఇంకా పూస్తున్నాయి" అని మొదలుపెట్టింది. పంతులమ్మగారు 'శరదృతువు' కొట్టేసి 'ఆకురాలు కాలం' అనీ, 'పూస్తున్నాయి' కొట్టేసి 'వికసిస్తున్నాయి' అనీ దిద్దారు. పూయడం చెట్టు చేసే పని, పువ్వు చేసేది వికసించడం అన్నారట. వీడియో కాల్‌లో పిల్ల అడిగితే జవాబు చెప్పలేకపోయాను. నాకు మరో అనుమానం కూడా వచ్చింది. శరత్తులో పూలుండటం మనకు వింతేమీ కాదు కదా, మరి ఆ 'వచ్చినా' ఎందుకు? చివరగా, చామంతి అనాలా, చేమంతి అనాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: 'పూలు పూస్తున్నాయి' అచ్చమైన తెలుగు. దాన్ని కొట్టేయాల్సిన పని లేదని పాపకు ధైర్యంగా చెప్పండి.

పంతులమ్మగారి మాటలో సగం నిజముంది. పూయడం చెట్టు పనే. 'ఈ ఏడు మందారం బాగా పూసింది' అన్నప్పుడు మనం మాట్లాడేది మొక్క గురించే. కానీ ఈ క్రియ అక్కడితో ఆగదు. చెట్టు పూసింది అంటాం, చెట్టు పూలు పూసింది అంటాం, చెట్టుకు పూలు పూశాయి అనీ అంటాం. మొదటి వాక్యంలో చెట్టే కర్త, కర్మ లేదు. రెండోదాంట్లో పూలు కర్మ అయ్యాయి. మూడోదానికి వచ్చేసరికి పూలే కర్త స్థానంలోకి వచ్చాయి, చెట్టు 'కు' తగిలించుకుని పక్కకు జరిగింది. క్రియ కూడా పూలను బట్టి 'పూశాయి' అని బహువచనంలోకి మారింది. కర్త ఏదో తేల్చుకోవడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పాప వాక్యం ఈ మూడో రకం.

కాయడమూ అంతే. జామచెట్టు కాసింది, కాయలు కాసింది, చెట్టుకు కాయలు కాశాయి. పండటమూ అంతే. చేను పండింది, చేలో వరి పండింది, చివరికి చెట్టున కాయా పండింది. మొక్కకూ దాని ఫలితానికీ ఒకే క్రియ వాడుకోవడం తెలుగుకు బాగా అలవాటు. అయితే ప్రాణుల దగ్గరికి వస్తే ఈ వెసులుబాటు లేదు. ఆవు ఈనింది అంటాం, ఆవు దూడను ఈనింది అంటాం. 'దూడ ఈనింది' అంటే మాత్రం ఆ దూడే పెరిగి పెద్దదై తల్లి అయిందని అర్థం. పుట్టిన దూడ గురించి చెప్పాలంటే 'పుట్టింది' అనే వేరే క్రియ కావాలి. పంతులమ్మగారు చెప్పిన సూత్రం ఈనడానికి చక్కగా సరిపోతుంది, పూయడానికి సరిపోదు.

పనిలో పనిగా మరో మాట. మీ తరంవాళ్లలో 'పూచింది' అనేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. అది తప్పు కాదు, పాత రూపం. చూచింది చూసిందైనట్టు, కాచింది కాసిందైనట్టు పూచింది పూసింది అయింది. పిల్లలు ఏది రాసినా ఒప్పుకోవాలి.

ఇక 'వికసించు'. మంచి మాటే, కానీ అది పూయడానికి బదులుగా పెట్టుకునే పెద్దింటి మాట కాదు. దాని పని వేరు. వికసించడమంటే మూసుకుని ఉన్నది తెరుచుకోవడం. అందుకే 'మొగ్గ వికసించింది' కుదురుతుంది, 'మా చెట్టు వికసించింది' కుదరదు. మొక్కకు సంస్కృత క్రియే కావాలంటే 'పుష్పించు' ఉంది, సైన్సు పుస్తకాలు పుష్పించే మొక్కలు అంటున్నది అందుకే. పాప చెప్పదలచుకున్నది రేకులు తెరుచుకోవడం గురించి కాదు, పెరట్లో రోజూ కొత్త పూలు వస్తూనే ఉన్నాయని. ఆ సంగతి 'వికసిస్తున్నాయి' అంటే రాదు. అది చదివితే ఆ క్షణాన కళ్లముందు రేకులు విప్పుకుంటున్న పూలు కనిపిస్తాయి తప్ప, రోజురోజుకీ పూస్తున్న పెరడు కనిపించదు.

ఒక్క మందారాన్ని రెండు రోజులు గమనిస్తే మనకు ఈ విషయంలో ఎన్ని మాటలున్నాయో తెలుస్తుంది. ఆకు పంచన చిన్న మొగ్గ కనిపిస్తే మొక్క మొగ్గ తొడిగింది అంటాం, మొగ్గ వేసింది అనీ అంటాం. మొగ్గ లావెక్కి, ఎర్రటి రేకులు ఒకదానిమీద ఒకటి మెలిపడి కొన బయటపెడితే, రేపు పూస్తుందని అమ్మలు చెప్పేస్తారు. తెల్లవారుజామున అరవిచ్చి ఉంటుంది. ఎండ వచ్చేసరికి విచ్చుకుంటుంది, విప్పారుతుంది, విరుస్తుంది. సాయంత్రానికి వాడుతుంది. ఆ తర్వాత రేకులు మళ్లీ ముడుచుకుని, పొడుగ్గా చుట్టుకుపోయి రాలిపోతుంది. ఇదంతా రేకమందారం సంగతి. ముద్దమందారమైతే మొగ్గలో ఆ మెలి అంత స్పష్టంగా కనిపించదు. ఈ 'రేక', 'ముద్ద' అన్న రెండు చిన్న మాటలతో ఒంటివరస పువ్వునూ గుత్తంగా రేకులుండే పువ్వునూ విడదీసి చెప్పడం నాకు ఎంతో ఇష్టమైన తెలుగు పద్ధతి. మందారానికీ బంతికీ ఇదే వాడతాం.

విరబూయడం, విరగబూయడం ఒకటే అనుకుంటారు చాలామంది. విరియబూయడం నుంచి వచ్చింది విరబూయడం, అంటే పువ్వు నిండుగా విచ్చుకోవడం. విరగబూయడంలో ఉన్నది విరగడం, కొమ్మలు విరిగిపోతాయేమో అన్నంతగా పూయడం. విరగకాయడం కూడా ఉంది కదా. ఒక పువ్వు విరబూయవచ్చు, విరగబూయాలంటే చెట్టు కావాలి.

అదే పెరట్లో కూరపాదులుంటే మాట మారుతుంది. చిక్కుడు, సొర, బీర పూత పడతాయి, పిందె దిగుతాయి. 'ఈసారి చిక్కుడు పూత నిలవలేదు, అంతా రాలిపోయింది' అంటాం. మందారం పూత పట్టిందని ఎవరూ అనరు. కాయ కోసం ఎదురుచూసే చోటే 'పూత' వాడతాం. మామిడి పూత, జీడి పూత అలా వచ్చినవే. కోసుకునే మాటల్లోనూ తేడాలున్నాయి. మీ గోదావరి వైపు పూలు కోస్తారు, తెలంగాణలో పూలు తెంపుతారు. రెండూ మంచి తెలుగే. ఒకదాన్ని పుస్తకభాష అనీ రెండోదాన్ని యాస అనీ విడదీయడం అన్యాయం. పారిజాతాన్ని మాత్రం ఏ ప్రాంతంవాళ్లయినా ఏరుకుంటారు. రాత్రి పూసి తెల్లారేసరికి తనంతట తానే రాలిపోయే పువ్వు అది, కోసే పని మనకు పెట్టదు. నారింజరంగు కాడ మీద తెల్లటి రేకులు చూసే దాన్ని పగడమల్లె అని కూడా పిలుచుకున్నారు.

పారిజాతం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఋతువు సంగతికి వద్దాం. ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. పంతులమ్మగారు పెట్టిన 'ఆకురాలు కాలం' అమెరికాకు బాగానే నప్పుతుంది, అక్కడ వాడే మాటకు అది సూటిగా సరిపోయే తెలుగు. అయితే తెలుగునేల మీద ఆకులు రాలేది శరత్తులో కాదు, శిశిరంలో. మాఘ ఫాల్గుణాల్లో రావి, వేప బోసిపోతాయి. రాజమహేంద్రవరంలో ఉన్న అమ్మమ్మ 'ఆకురాలు కాలం' అని చదివితే ఆమెకు ఫిబ్రవరి, మార్చి నెలలు గుర్తొస్తాయి. 'శరదృతువు' అని చదివితే దసరా గుర్తొస్తుంది. 2025లో ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి సెప్టెంబరు 22న వచ్చింది. అమెరికా క్యాలెండర్లలో ఆకురాలు కాలం మొదలైంది కూడా ఆ రోజే. మీ మనవరాలు ఎంచుకున్న మాట కాలానికి సరిగ్గా అతికింది. ఆకులు ఇంకా రాలకముందు, పూలింకా ఉండగా రాసిన వ్యాసానికి ఆ మాటే మేలు అంటాను.

పైగా శరత్తు మన కవిత్వంలో మొదటినుంచీ పూలకాలమే. నన్నయ భారతంలో అరణ్యపర్వంలోని 'శారదరాత్రు లుజ్జ్వల' పద్యం మీకు గుర్తుండే ఉంటుంది. 11వ శతాబ్దానికి చెందిన ఆ మహాకవి రాసిన ఆఖరి పద్యం అదేనని ప్రసిద్ధి. అందులో 'వికసన్నవ కైరవ' అంటాడు, అంటే అప్పుడప్పుడే విచ్చుకుంటున్న కొత్త తెల్లకలువలు. పంతులమ్మగారికి నచ్చిన వికసించడం ఇక్కడ ఎంత చక్కగా కుదిరిందో చూడండి. కలువ రేకులు రాత్రివేళ తెరుచుకునే ఆ గడియను పట్టుకోవాలి కాబట్టి నన్నయకు ఆ మాట అవసరమైంది. వికసత్, నవ కలిసి 'వికసన్నవ' అయినట్టే శరత్, నవరాత్రులు కలిసి శరన్నవరాత్రులు అవుతాయి. ఋతువుతో కలిస్తే శరదృతువు, కాలంతో కలిస్తే శరత్కాలం, చంద్రుడితో కలిస్తే శరచ్చంద్రుడు. 'శరద్కాలం' అని అక్కడక్కడా కనిపిస్తుంది, అది సరికాదు.

'వచ్చినా' మీద మీ అనుమానం చాలా విలువైనది. 'వానాకాలం వచ్చినా చెరువు నిండలేదు' అన్నప్పుడు, నిండాల్సింది నిండలేదన్న ఆశాభంగం 'వచ్చినా'లో ఉంది. అనుకున్నదానికి విరుద్ధంగా జరిగితేనే ఆ రూపం వాడతాం. మీ ఊళ్లో కూర్చుని 'శరదృతువు వచ్చినా పూలు పూస్తున్నాయి' అంటే చెవికి కొరుకుడు పడదు. వానలు తగ్గుముఖం పట్టగానే గోదావరి లంకల్లో రెల్లు తెల్లగా పూసేది ఇప్పుడే. తెలంగాణలో తంగేడు, గునుగు, కట్లపూలు, బంతి పళ్లేలకు ఎక్కి బతుకమ్మలుగా పేర్చుకునేది భాద్రపద అమావాస్య నుంచి ఆశ్వయుజ శుద్ధ అష్టమి దాకా. ఇక్కడివాళ్లు 'శరత్తు రాగానే పూశాయి' అనాలి.

కానీ పాప ఉన్నది ఇక్కడ కాదు. అక్కడ సెప్టెంబరు దాటాక పొద్దు త్వరగా కుంగుతుంది, రాత్రులు చల్లబడతాయి. జినియాలు, డాలియాలు, బంతులు తొలి గడ్డమంచు పడే రాత్రి దాకానే. ఆ మర్నాటికి ఆకులూ పూలూ నల్లబడి వేలాడతాయి. ఇవాళో రేపో అయిపోతాయనుకున్న పూలు ఇంకా ఉన్నాయన్న సంతోషమే ఆ 'వచ్చినా'లో పలికింది. తాను పెరుగుతున్న నేలను చూసి రాసింది కాబట్టే ఆ వాక్యం నిజమైంది. ఆ 'వచ్చినా'ను ముట్టుకోకండి.

'ఇంకా' పెట్టిన చోటు కూడా బాగుంది. 'ఇంకా పూలు పూస్తున్నాయి' అని ముందు పెట్టి ఉంటే, ఉన్నవి చాలక మరిన్ని పూలు పూస్తున్నాయన్న అర్థానికీ దారి దొరికేది. 'పూలు ఇంకా పూస్తున్నాయి' అనడంతో ఆగకుండా పూస్తున్నాయన్నది ఒక్కటే మిగిలింది. 'పూస్తూనే ఉన్నాయి' అంటే మరికాస్త బలం వస్తుంది, అది రాసేవాళ్ల ఇష్టం.

చామంతి, చేమంతి రెండూ ఒప్పే. సంస్కృతంలోని సేవంతి దీనికి మూలం. కన్నడంలో సేవంతిగె, తమిళంలో శెవ్వంది. మొదటి అచ్చు దగ్గరగా నిలిచింది చేమంతిలో, నోటికి అలవాటైంది చామంతి. ఒక వ్యాసంలో ఏదో ఒకటే పాటిస్తే చాలు. రాత్రులు పొడవైతేనే మొగ్గ తొడిగే మొక్క ఇది, అందుకే ఆశ్వయుజం తర్వాతే జోరందుకుంటుంది. పూత వెనక్కి జరపడానికి రాత్రిపూట తోటలో బల్బులు వెలిగించే రైతులూ ఉన్నారు. బహువచనంలో చేమంతులు, చామంతులు అనవచ్చు. బంతికి మాత్రం 'బంతిపూలు' అనడమే మేలు, 'బంతులు' అంటే ఆడుకునేవి ముందు గుర్తొస్తాయి. నేనూ ఇందాక జినియాల పక్కన పెట్టాను కాబట్టి 'బంతులు' అనగలిగాను. తంగేడుకు 'తంగేటి పూలు' అనడం పాత పద్ధతి, ఏడు ఏటి అయినట్టు, నాడు నాటి అయినట్టు. ఇప్పుడు 'తంగేడు పూలు' అన్నదీ స్థిరపడింది.

చామంతుల వెనకే మీ పెరట్లో ఊదారంగు డిసెంబరాలు వస్తాయి. కనకాంబరం కనకాంబరాలు అయిన తోవలోనే ఇంగ్లీషు నెల పేరుకు బహువచనం తగిలించి తెలుగు ఆడవాళ్లు చేసుకున్న మాట అది. పాప దాన్ని వ్యాసంలో రాస్తే 'డిసెంబర్ పూలు' అని దిద్దకుండా చూడండి.